ఆరో మలుపులో ఎత్తిన చెయ్యి

కోరంగి ట్రాక్, ఆరో మలుపు సహాయ బృందం లాగ్. రాస్తున్నది బృందం పెద్ద మాణిక్యాంబ.

212. సారథితో ఆఖరి పందెం

పొద్దున్నే సముద్రం పోటు తీయగానే ట్రాక్ మీద పీతలు ఏరాం. మడ అడవి మీద స్తంభాలు వేసి కట్టిన ట్రాక్ కదా, ఎన్ని వలలు కట్టినా ఎర్ర పీతలు ఎక్కి వచ్చేస్తాయి. తర్వాత రాత్రి గాలికి పేరుకున్న ఉప్పు కడిగాం. ఆ తర్వాత కొబ్బరిబొండాలు చెక్కి అంబులెన్స్‌లో సర్దాం. అంబులెన్స్‌లో ఏసీ ఉంటుంది గనుక బొండాలు చల్లగా ఉంటాయి. స్ట్రెచర్ మీద రెండు వరసలు హాయిగా పడతాయి.

పందెం ఎప్పటిలాగే సాగింది. కార్లన్నీ దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. ఈ పందేలు చూడ్డం కంటే ఇంట్లో గ్రైండరులో పప్పు నలుగుతుంటే చూడ్డం నయమని నేను ఎన్నోసార్లు అన్నాను. మా మలుపు దగ్గర ఒక కారు తడి ఉప్పు మీద జారింది. జారిందని డ్రైవరుకు తెలిసేలోపే, కారును తనే చూసుకునే యంత్రం బుర్ర సారథి దాన్ని ఉయ్యాల్లో పిల్లను పడుకోబెట్టినట్టు మెత్త గోడకు ఆనించింది. డ్రైవరు చెయ్యెత్తి దించాడు. అంటే బాగున్నానని. గ్యాలరీ అంతా చప్పట్లు. మా పోతురాజు అంబులెన్స్ దిగి, బొండానికి గొట్టం గుచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని పెళ్ళివారికి ఎదురువెళ్ళినట్టు నడిచి వెళ్ళి ఇచ్చాడు. డ్రైవరు తాగాడు. ఈలలు మోగాయి.

సహాయ బృందం పని అంటే ఇంతే. నా సర్వీసు మొత్తంలో ఈ ట్రాక్ మీద నెత్తురు చుక్క చూడలేదు. బయట రోడ్ల మీద మాత్రం ఎవరు చూశారు? ఇంటింటి కారులోనూ సారథి ఉంది. ఒకప్పుడు మనుషులు కార్లలో చచ్చిపోయేవాళ్ళని మా అమ్మమ్మ చెబితే మా ఇంట్లో పిల్లలు కథ అనుకున్నారు.

పందెం అయ్యాక ట్రాక్ మేనేజరు విశ్వపతి గారు మైకు తీసుకుని, ప్రపంచ రేసుల మండలి పందెం కార్లలో సారథిని నిషేధించిందని ప్రకటించారు. ఇకమీదట బ్రేకు, చక్రాల పట్టు, పక్క కారుతో ఎడం, అన్నీ డ్రైవరే చూసుకోవాలట. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోయే పందేన్ని జనం చూడ్డం మానేశారు మరి. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. ఇన్నాళ్ళకు మండలికి బుద్ధొచ్చిందని అనుకున్నాను.

213. సారథి లేకుండా మొదటి ప్రాక్టీసు

ఇవాళ చూసింది ఇలాగే ఉంటుందని ఎవరైనా ముందు చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

కార్లు సిద్ధం చేసే పిట్‌లోంచి మొదటి కారు బయటికి వస్తూనే బొంగరంలా తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టి నిలబడింది. డ్రైవరు చేసిందల్లా రోజూలాగే యాక్సిలరేటరు తొక్కడం. ఇన్నేళ్ళూ అతని పాదం ఎంత తొక్కినా, అందులో చక్రానికి ఎంత వెళ్ళాలో సారథి తేల్చేది. ఇవాళ తొక్కిందంతా చక్రానికే వెళ్ళింది. తెల్లటి పొగ లేచింది, దాని వెనకే కాలిన రబ్బరు వాసన. పుట్టి బుద్ధెరిగాక నేను ఆ వాసన ఎరగను. పోతురాజు వంట మాడిపోతోందని క్యాంటీను వైపు పరిగెత్తాడు.

మొదటి మలుపు దగ్గర ఇంకో విడ్డూరం. నాలుగు కార్లు పక్కపక్కనే వచ్చాయి. నలుగురిలో ఒక్కరూ తగ్గలేదు. పొగరుతో అయితే అర్థం చేసుకుందును. పక్క కారు దగ్గరైతే తమ కారే తగ్గుతుందని నలుగురూ నిశ్చింతగా కూర్చున్నారు! నాలుగు ముక్కులూ ఒకచోట పొడుచుకుని ఆగాయి. నలుగురూ కిందికి దిగి, మాట వినని పశువును చూసినట్టు ఎవరి కారును వాళ్ళు కోపంగా చూశారు. వేగం లేదు గనుక సరిపోయింది. గ్యాలరీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మధ్యాహ్నానికే మా బొండాలు అయిపోయాయి.

సాయంత్రం నూకరత్నం వచ్చి మా మలుపు అంచున ఉన్న కమ్మీ మీద కూర్చుంది. రెండుసార్లు ఛాంపియను, మా కోరంగి పిల్ల. వాళ్ళమ్మా నేనూ ఒకే వీధిలో పెరిగాం, అందుకని నన్ను పిన్నీ అంటుంది. గ్లవ్స్ తీసి చేతులు చూపించింది. అరచేతుల నిండా బొబ్బలు. డ్రైవరు చేతికి బొబ్బలేమిటో నాకు ఒక్క క్షణం అంతుపట్టలేదు.

"అయ్యో, ఇదేంటే తల్లీ!"

"స్టీరింగు లాగేస్తంది పిన్నీ. అది కారు కాదు, తాడు తెంపుకున్న దున్నపోతు. దీని దుంపతెగ, పట్టుకుంటే ఆగదు, వదిలితే అసలాగదు."

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"తెలీట్లేదు." బొబ్బల చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ నేను తోలేననుకున్నాను పిన్నీ. రెండు కప్పులు ఇంట్లో పెట్టుకున్నాను. నన్నే కూర్చోబెట్టి తోలుకెళ్ళేరు. ఇయ్యాలే మొదటిసారి తోలేను."

214. మెత్త గోడ

ఉప్పు కడుగుతుంటే కనిపించింది. నిన్నటి ప్రాక్టీసులో మా మలుపు దగ్గర మెత్త గోడ చీలింది. చీలికలో చెయ్యి పెడితే లోపలి ఇనుప స్తంభం వేళ్ళకు తగిలింది. ఇన్నేళ్ళలో ఆ స్తంభం అక్కడుందని కూడా నాకు తెలియదు.

డ్రైవరు బాగుంటే చెయ్యెత్తి దించుతాడు. మరి బాగోకపోతే? మా బృందానికి తెలిసిన సైగ అదొక్కటే. రెండోదాని అవసరం ఎప్పుడూ పడలేదు. నేను సరాసరి విశ్వపతి గారి గదికి వెళ్ళాను. ఆయన విదేశాల్లో చదువుకున్న మనిషి, వినకపోతారా అనుకున్నాను.

"అయ్యగారూ, డ్రైవరుకి బాగోపోతే మాకెలా తెలుస్తుందండీ?"

"బాగోపోవడం ఏంటమ్మా?"

"అంటే, కారు ఆ ఇనప స్తంభానికి తగిలి, లోపల మనిషికి దెబ్బ…"

ఆయన గబుక్కున లేచి తలుపు వేశారు. "ష్! మాణిక్యాంబగారూ, పైన తథాస్తు దేవతలు తిరుగుతా ఉంటారండీ. మొదటి పందెం ఇంకా అవనేలేదు, అలాంటి మాట నోటంట రావచ్చా?"

పోనీ మా వాళ్ళకు శిక్షణైనా ఇప్పించండని అడిగాను.

"ఎవరిస్తారమ్మా? ఆ పని తెలిసినవాళ్ళు మా తాతగారి కాలంలోనే పోయారు. అయినా లేని కష్టాన్ని నేర్చుకుని మరీ తెచ్చుకుంటామా?"

ఒళ్ళు మండిపోయింది. గోడకు కొత్త మెత్తలు కుట్టించమని మాత్రం ఒప్పించి బయటికి వచ్చాను. ఆయన్ని తిట్టుకుంటూ నడుస్తున్నదాన్ని, ట్రాక్ మీదికి వచ్చే వంతెన దగ్గరికి చేరేసరికి నేనూ ఆకాశం వైపు చూసి శ్రీరామరక్ష అనుకున్నాను. రాయకుండా ఉండలేను, నాకూ భయం వేసింది.

215. బస్తా

విశ్వపతి గారు కాదన్నా నేను ఊరుకోదలచుకోలేదు. షెడ్డులో తుక్కు కింద పడి ఉన్న పాత పందెం కారు డొల్లను బయటికి లాగించి, మా బృందంలో మిగతా ఐదుగురినీ పిలిచాను. ఒకరు లోపల కూర్చోండి, దెబ్బ తగిలినట్టు తల వాల్చండి, మిగతావాళ్ళం బయటికి తీద్దాం అన్నాను.

ఒక్కరూ కదల్లేదు.

"నేను కూర్చోను అక్కా. పెళ్ళాం పిల్లలున్నోణ్ణి," అన్నాడు పోతురాజు.

"ఓరి నీ భయం పాడుగాను, ఆటలాంటిదిరా!"

"ఆటకే తథాస్తు అనేస్తే ఏం చేస్తాం?"

సరే, నేనే కూర్చున్నాను. కళ్ళు మూసుకుని మెడ వాల్చాను. రండిరా అంటే అడుగుల చప్పుడు దగ్గరికి రావాల్సింది పోయి దూరమైంది. కళ్ళు తెరిచి చూస్తే అందరూ గోడకు అంటుకుని నిలబడ్డారు. పోతురాజు కళ్ళనిండా నీళ్ళు. "లేచొచ్చేయ్ అక్కా, నీకు పుణ్యముంటది," అని రెండు చేతులూ జోడించాడు. వాళ్ళ ముఖాలు చూశాను. నిజంగానే ఏదో అయిపోయినట్టు అనిపించి గబగబా బయటికి వచ్చేశాను. అందరికీ ధైర్యం చెప్పడానికి వెళ్ళినదాన్ని నేనే పారిపోయాను.

అప్పుడు పోతురాజుకే ఉపాయం తట్టింది. గోనె బస్తాలో మనిషి బరువుకు సరిపడా బొండాలు నింపి సీట్లో కూర్చోబెట్టాం. చెరోవైపు ఒకరు నిలబడి, బస్తా రెండు మూలలూ చంకల్లా పట్టుకుని, ఒక్క ఊపున పైకి లాగి కింద పెట్టాలి. మొదట్లో బరువుకు చేతులు జారాయి. సాయంత్రానికి "బస్తా!" అని నేను కేకేస్తే చాలు, కళ్ళు మూసి తెరిచేలోపు బయట ఉండేది. మాలో మాకు భలే గర్వం వచ్చింది. విశ్వపతి గారు కూడా చూసి, "ఇదేదో బాగుందమ్మా, బస్తాకైతే అపశకునం లేదు," అని మెచ్చుకుని మరీ వెళ్ళారు.

ఇక సైగ ఒక్కటి మిగిలింది. నూకరత్నాన్ని పట్టుకుని, బాగోకపోతే రెండు చేతులూ ఎత్తమ్మా, మాకు తెలుస్తుంది అన్నాను. ఆ పిల్ల నా నోటికి తన చెయ్యి అడ్డం పెట్టేసింది. బొబ్బలు పగిలి గట్టిపడ్డ అరచెయ్యి నా పెదాలకు గరుకుగా తగిలింది.

"వద్దు పిన్నీ. శుభమా అని పందేనికెల్తంటే ఏంటా మాటలు? అలాంటి సైగ నేను నేర్చుకోను. నేర్చుకుంటే చెయ్యాల్సొస్తది."

216. మొదటి పందెం

ఇది పందెమా! ఇన్నాళ్ళూ మేం చూసిందేమిటి మరి?

మొదలయ్యే ముందు డ్రైవర్లంతా ఒకరి దగ్గరికొకరు వెళ్ళి చేతులు పట్టుకున్నారు. ఎవరూ చెప్పింది కాదు. ఇన్నేళ్ళుగా ఒకే ట్రాక్ మీద తిరిగినా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోవడం నేను ఎరగను. ఇప్పుడు పక్కవాడి చేతిలో తన ప్రాణం ఉందని తెలిసింది కాబోలు. పిట్‌లో తల్లులు ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తున్నారు. సారథిని కనిపెట్టుకుని ఉండే ఇంజనీర్లు టైర్లకు గాలి కొడుతున్నారు.

కార్లు వెనకటి వేగంలో సగం కూడా లేవు. కానీ ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి జరుగుతోంది. ఒకడు ముందుగా బ్రేకు వేస్తాడు, ఇంకొకడు ఆలస్యంగా వేసి బయటికి పోతాడు, మూడోవాడు మధ్యలోంచి దూరతాడు. అందరికంటే వెనక బయల్దేరిన కారు గెలిచింది! అలాంటిది జరుగుతుందని తెలియక పూలదండను అందరికంటే ముందు బయల్దేరిన మనిషి మెడలో వేసి, మళ్ళీ తీసి గెలిచిన మనిషికి ఇవ్వాల్సి వచ్చింది. అరిచి అరిచి నా గొంతు పోయింది. మూడో స్థానంలో వచ్చిన రత్నం కారు దిగి నేల మీద కూలబడిపోయింది. చొక్కా పిండితే చెంబెడు చెమట వచ్చేలా ఉంది.

మధ్యలో తిరుపతి డ్రైవరు మునిశేఖరు మా మలుపులో గోడకు కొట్టుకున్నాడు. చెయ్యెత్తి దించాడు. చప్పట్లు. హెల్మెట్ తీశాక చూస్తే ముక్కులోంచి ఎర్రగా కారుతోంది. అది నెత్తురని అర్థం కావడానికి నాకే కొంచెంసేపు పట్టింది. గ్యాలరీలో ఒకాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. మునిశేఖరు ముక్కు తుడుచుకుని, నవ్వి, బొండం తాగాడు. అప్పుడు లేచిన ఈలలకు మడ అడవిలోని కొంగలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

"చూసేరా? నెత్తురొచ్చినా ఏమీ కాదండీ," అన్నారు విశ్వపతి గారు. అవును కాబోలు అనుకున్నాను.

217.

రెండో పందెం నిన్న జరిగింది. నిన్న రాయలేకపోయాను.

పొద్దుట్నుంచీ సన్నగా తుంపర. కడిగిన ఉప్పు మళ్ళీ మళ్ళీ పేరింది. గ్యాలరీలో కాలు పెట్టే సందు లేదు. రత్నం మొదటి స్థానంలో ఉంది. మా కోరంగి జనమంతా ఆ పిల్ల పేరు పెట్టి అరుస్తున్నారు. మా మలుపుకు వచ్చేసరికి ఇంకో కారు పక్కకు వచ్చింది. రత్నం దారి ఇచ్చింది. ఇవ్వకపోతే రెండూ గుద్దుకునేవి. ఇవ్వబోయి చక్రం తడి ఉప్పు మీద వేసింది.

ట్రాక్ కింది స్తంభమే విరిగిందనుకున్నాను, అంత చప్పుడు. కొత్తగా కుట్టించిన మెత్తలు చీల్చుకుని కారు ఇనుప స్తంభానికి తగిలింది. కారులోంచి రత్నం చెయ్యి పైకి లేచింది.

గ్యాలరీ అంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, అందరికంటే ముందు కొట్టిందాన్ని నేనే అయినా అయ్యుంటాను. హమ్మయ్య, బాగుంది అనుకున్నాను. పోతురాజు తువ్వాలు భుజాన వేసుకుని బొండంతో బయల్దేరాడు.

చెయ్యి దిగలేదు. చప్పట్లు ఇంకా పెద్దవయ్యాయి. "రత్నం! రత్నం!" అని ఊరంతా అరుస్తోంది. ఆ వేళ్ళు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. మనిషిని దగ్గరికి రమ్మని పిలిచేటప్పుడు అలా ఆడిస్తాం. అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు. అది బాగున్నానని కాదు.

కారు కింద నుంచి పొగ వస్తోంది. పోతురాజు పొగ చూసి, బొండం చేతిలోనే పెట్టుకుని కొయ్యబారిపోయాడు. నేను పరిగెత్తాను. పరిగెత్తుతూ నోటికి వచ్చిన ఒకే ఒక్క మాట అరిచాను. "బస్తా!"

ఆ మాటకు మాత్రం వాళ్ళ చేతులు కదిలాయి. చెరోవైపు ఒకరు, చంకల్లో చేతులు, ఒక్క ఊపు. మేం నేర్చుకున్నట్టే, అంతే వేగంగా. తల వెనక్కి వేలాడింది. తీసుకొచ్చి రోడ్డు మీద పెట్టేసరికి వెనకాల కారు భగ్గుమంది.

అంబులెన్స్ తలుపు తీస్తే స్ట్రెచర్ నిండా బొండాలు. రెండు చేతులతో తోసేశాం. అవి దొర్లుకుంటూ ట్రాక్ మీద పడుతుంటే గ్యాలరీలో కొందరు నవ్వారు. ఇదీ వేడుకలో భాగమే అనుకున్నారు పాపం. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు.

218. కాకినాడ ఆసుపత్రి

ప్రాణానికి భయం లేదన్నారు. విశ్వపతి గారు నాకు దండం పెట్టి, మీరు లేకపోతే పిల్ల కాలిపోయేదమ్మా అని ఏడ్చారు. పత్రికలవాళ్ళు నా ఫోటో తీసుకున్నారు. గాలిలో తేలిపోయినట్టే ఉంది నిజానికి. మేం కాపాడాం అనుకున్నాను.

డాక్టరు హైమవతి గారు నన్ను పక్కకు పిలిచారు. నడివయసు మనిషి, నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కారు దెబ్బ తిన్న మనిషిని తనూ పుస్తకంలో చదవడమే తప్ప ఇదివరకు చూడలేదని ముందే చెప్పారు.

"బయటికి తీసేటప్పుడు మెడ ఎవరు పట్టుకున్నారండీ?"

"మెడా? ఎవరూ పట్టుకోలేదండీ. చంకల్లో చేతులేసి లాగేం."

"కారులో ఉండగా ఆ అమ్మాయి ఏమైనా కదిలిందా?"

"చెయ్యెత్తిందండీ. వేళ్ళు కూడా ఆడించింది."

"బయట పడుకోబెట్టాక?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. రోడ్డు మీద ఆ చెయ్యి మేం ఎక్కడ పెడితే అక్కడే ఉంది. అంబులెన్స్ లోపల పక్కకు జారితే నేనే తీసి గుండె మీద పెట్టాను. మళ్ళీ జారింది. ఆవిడ నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. మెడ కింద నుంచి ఏదీ కదలదని మాత్రం చెప్పారు.

బస్తాకు మెడ ఉండదు. మేం ఆరుగురం సాయంత్రం దాకా నేర్చుకున్నాం, ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు. భగవంతుడా, ఎంత గర్వపడ్డాం!

219. రత్నంతో

చెప్పకుండా ఉండలేకపోయాను. మాటలు కూడబలుక్కుని వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. ముందు ఆ పిల్లే అడిగింది.

"నేను చెయ్యెత్తేనా పిన్నీ?"

"ఎత్తేవమ్మా."

"చప్పట్లు వినపడ్డాయి. రమ్మంటంటే చప్పట్లు కొడతారేంటిరా బాబూ అనుకున్నాను."

అంతా చెప్పాను. డాక్టరు అడిగింది, నేను జవాబివ్వలేకపోయింది, బస్తా సంగతి, అన్నీ. రత్నం కళ్ళు గది కప్పు మీదే ఉన్నాయి. "మరి నేర్చుకోకుండా ఎందుకొచ్చేరు?" అంది.

"నేర్చుకున్నామే తల్లీ. తప్పుగా నేర్చుకున్నాం. మనిషిని కూర్చోబెడదామంటే ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చుని కూడా లేచొచ్చేసేను."

"ఎల్లిపో పిన్నీ."

వచ్చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రాత్రే మండలి వాళ్ళు అన్ని ట్రాకులకూ శిక్షణ తప్పనిసరి చేశారు. సారథిని మాత్రం తిరిగి పెట్టరట. వచ్చే పందేనికి టికెట్లు ఒక్కరోజులో అయిపోయాయి. అందరికంటే ముందు అమ్ముడుపోయినవి మా ఆరో మలుపు సీట్లు. ఆ మాట విని నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

220. ఖాళీ సీటు

మండలి వాళ్ళు ఎక్కడెక్కడి పాత వీడియోలనో వెతికి పంపారు. మెడకు పట్టీ ఎలా వెయ్యాలి, తల ఎవరు పట్టుకోవాలి, మనిషిని మోసే పలక ఎక్కడ దూర్చాలి, అన్నీ ఉన్నాయి. హైమవతి గారు ప్రతి ఆదివారం వస్తున్నారు, తనూ నేర్చుకోవాలని. పాత డొల్లను మళ్ళీ బయటికి లాగాం. సీట్లో మాత్రం ఎవరూ కూర్చోవడం లేదు. ఒకప్పుడు తథాస్తు దేవతలు వట్టి కథ అన్నవాళ్ళకు కూడా ఇప్పుడు గట్టి నమ్మకం కుదిరింది, రత్నానికి అయింది చూశారు కదా మరి. డ్రైవర్లు కమ్మీ అవతల నిలబడి చూసి తలలు దించుకుని వెళ్ళిపోతున్నారు. నేను కూర్చునేదాన్నే, కానీ తల పట్టుకునే పని నాది. అది ఇంకెవరికీ ఇవ్వను.

బస్తా తెస్తానన్న పోతురాజును చాచి కొట్టాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

221. రత్నం కబురు

నెలల తర్వాత నిన్న రత్నం నుంచి కబురొచ్చింది, ఒకసారి రమ్మని. వెళ్ళాను. చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. గొంతు మాత్రం పాత గొంతే.

"డాక్టరుగారు చెప్పేరు. సీట్లో ఎవరూ కూర్చోట్లేదంటగా?"

"లేదమ్మా."

"నన్ను తీసుకెళ్ళు."

అర్థం కాక ఆ పిల్ల ముఖంలోకి చూశాను.

"నన్ను కూర్చోబెట్టి నేర్చుకోండి. ఎముక అతుక్కుంది, నరాలే రావంట. పట్టీ వేసి జాగర్తగా చేస్తే పర్లేదన్నారు, నేనడిగేను. ఇంక నాకు కొత్తగా ఏం తథాస్తంటారు పిన్నీ?"

వద్దని అనబోయాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "నీమీద కోపం పోయిందనుకోకు," అని కూడా అంది.

ఇవాళ ఆదివారం. హైమవతి గారు దగ్గరుండగా రత్నాన్ని డొల్లలో కూర్చోబెట్టాం. బృందమంతా అడుగు వెనక్కి వెయ్యకుండా నిలబడ్డారు, వాళ్ళకు నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పిట్‌లోంచి డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి కమ్మీ దగ్గర ఆగారు.

నేను వెనక నుంచి తలను రెండు అరచేతుల మధ్యా పట్టుకున్నాను. పోతురాజు పట్టీ బిగించాడు. పలక దూర్చడంలో చెయ్యి తడబడింది.

"ఆగరా పోతురాజన్నా," అంది రత్నం. "భుజం ముందెత్తేవు. మెడ కదిలింది, నాకు తెలిసింది. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేశాం. మళ్ళీ ఆపింది. ఇంకోసారి చేశాం. కదల్లేని మనిషి, ఎక్కడ తప్పు జరిగిందో వేలు పెట్టి చూపించినట్టు చెబుతోంది. పోతురాజు చొక్కా తడిసిపోయింది. చివరికి ఒకసారి తల నా చేతుల్లో ఒక్క నలుసు కదలకుండా పలక మీదికి వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మునిశేఖరు కమ్మీ దాటి వచ్చాడు. హెల్మెట్ తీసి నేల మీద పెట్టి, "అక్కా, నువ్వు అలిసిపోయినావు. కొంచేపు నేను కూచుంటా," అన్నాడు.

"కూర్చుందువుగాని ఆగు," అంది రత్నం. "ఈళ్ళకింకా సరిగా రాలేదు. పిన్నీ, ఇంకోసారి."

నేను మళ్ళీ తల పట్టుకున్నాను.